సూర్యాపేట దగ్గర బంద్

తుఫాను తీరం దాటిన నాలుగో రోజు, సోమవారం, మా పిన్ని ఫోన్ చేసింది. అప్పటిదాకా నేను తిన్నది ఒంటబట్టలేదు. వాళ్ళది కృష్ణ సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో, కరకట్ట పక్కన అరవై గడపల పల్లె. టీవీలో ఎంతసేపూ పెద్ద ఊళ్ళనే చూపిస్తున్నారు. ఆ అరవై గడపలూ ఉన్నాయో, సముద్రంలో కలిశాయో చెప్పే నాథుడు లేడు.

"బతికే ఉన్నామే," అంది పిన్ని. ఎవరిదో ఫోను, వెనకాల జనం గోల. "ఊరంతా బళ్ళో పడుకుంటున్నాం. ఇంటి కప్పు ఎటు పోయిందో తెలీదుగానీ గోడలు నిలబడ్డయ్."

నేను ఏడ్చేశాను. అమ్మ పోయాక నన్ను పదో తరగతి దాకా పెంచింది ఆమే. ఆమెకి పిల్లల్లేరు, బాబాయి లేడు. ఒక గేదె, దాని పాలు పోసే పది ఇళ్ళు, అంతే ఆమె సంసారం.

"గేదె కూడా బతికిందే. గోడవార నిలబడి నీళ్ళలోనే తెల్లార్చింది. కానీ ఊళ్ళో గడ్డిపోచ లేదు. వామి కొట్టుకుపోయింది. కోతకొచ్చిన వరి ఉప్పునీళ్ళలో కుళ్ళిపోయింది. గొడ్ల బేరగాళ్ళు అప్పుడే వ్యాన్లేసుకుని దిగారు. పడమటి వీధిలో సగం గేదెల్ని తోలేశారు. శుక్రవారం దాకా చూస్తా. అప్పటికీ గడ్డి దొరక్కపోతే నేనూ తోలేస్తా. ఆకలికి నా కళ్ళముందు కూలబడితే చూళ్ళేనే."

సరే పిన్నీ, సరే పిన్నీ అన్నాను. నిజం చెప్పాలంటే ఆ మాట నాకు చెవికెక్కలేదు. మనిషి బతికింది, అది చాలనుకున్నాను. మర్నాడు పొద్దున్నే పాత చీరలు, దుప్పట్లు, కొవ్వొత్తులు మూటగట్టి, ఎల్బీ నగర్‌లో మా జిల్లావాళ్ళు సాయం పోగుచేస్తున్న చోట ఇద్దామని మెట్లు దిగాను.

నేను అప్పుడు మన్సూరాబాద్‌లో పై వాటాలో కిరాయికి ఉండేదాన్ని. కింద ఇంటివాళ్ళు నల్లగొండ దగ్గరి పల్లెటూరివాళ్ళు. తెలంగాణ ఉద్యమం మంచి వేడి మీదున్న రోజులు. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పేదాన్ని. బంద్‌లతో క్లాసులు ఆగిపోయి, సిలబస్ సగంలో వేలాడుతుంటే ఒళ్ళు మండి, ఒకరోజు మెట్ల మీద ఫోన్లో, కింద వినబడేలాగే, "ఇవన్నీ పనీ పాటా లేనివాళ్ళ బంద్‌లు," అన్నాను. ఇంటాయన అప్పుడే గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. నిజానికి ఆయనకు పనీ ఉంది, పాటా ఉంది. నల్లగొండ తోటల నుంచి గడ్డిఅన్నారం మార్కెట్టుకు బత్తాయిల లారీ తోలతాడు. పాటంటారా, ఉద్యమం పాటలు తెల్లారగట్లే అందుకుంటాడు. ఆయన తువ్వాలు దులుపుకుని లోపలికి పోయాడు. ఆయన భార్య మాత్రం ఊరుకోలేదు. "మా ఇంట్ల ఉండుకుంట మమ్ములనే అనబట్టె," అంది. ఆనాటి నుంచి ఆవిడకీ నాకూ మాటల్లేవు. గేటు దగ్గర ఎదురుపడితే ఇద్దరం ఆకాశంలో ఏదో వెతుక్కునేవాళ్ళం.

మూటతో దిగేసరికి ఆ గేటు దగ్గరే ఆయన తల్లి కూర్చుని ఉంది. ఆమెను అందరూ అవ్వ అంటారు, నేనూ అవ్వ అనేదాన్ని. మాకూ మాకూ పడకపోయినా ఆమె మాత్రం నాతో మాట్లాడటం మానలేదు.

"మీ చిన్నమ్మోళ్ళ ఊర్లె బర్లెట్లున్నయి బిడ్డా?" అంది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అరవై ఇళ్ళ జనం బడిలో కటిక నేల మీద పడుకుంటే, మనుషులెట్లా ఉన్నారని అడగాల్సింది పోయి బర్రెలా? "మనుషులు బాగానే ఉన్నారు," అన్నాను, మనుషుల్ని ఒత్తి పలుకుతూ.

అవ్వకు ఆ ఒత్తు తగల్లేదు. "మనుషులకు ఎవలన్న ఇంత బువ్వ పెడుతరు. సర్కారు బియ్యమిస్తది, నువ్వు చీరెలిస్తున్నవు. నోరులేని దానికి ఎవలు పెడుతరు? గడ్డున్నదా?"

మూట కింద పెట్టేశాను. పిన్ని చెప్పిన మాటలన్నీ అప్పుడు, ఒకరోజు ఆలస్యంగా, నా చెవికెక్కాయి. గడ్డి లేదని, శుక్రవారం దాకానే చూస్తుందని, అది నెలలు నిండిన చూడి గేదె అని చెప్పాను.

"ఎన్నో ఈత?"

"మూడోది."

"అయ్యో, మంచి పాలిచ్చే బర్రె," అంది అవ్వ. తర్వాత, కరువు సంవత్సరం తను కూడా రెండు బర్లను అంగడికి తోలిన సంగతి చెప్పింది. "తాడు వాని చేతుల వెట్టి ఎనుకకు తిరిగితే, అది నా ఎంబడి వచ్చిందమ్మా. వాడు గుంజుతాంటే గూడ నా దిక్కే వచ్చింది." చెప్తూ తన అరచేతిని చూసుకుంది. నేను సిగ్గుపడ్డాను. ఆ మూటలో గేదె తినేది ఒక్కటీ లేదు.

సాయంత్రం కొడుకు రాగానే అవ్వ విషయం చెప్పింది. వాళ్ళ ఊళ్ళో వరికోతలు అప్పుడే అయ్యాయి, గడ్డి దండిగా ఉంది. ఇంటికో మోపు చొప్పున అడిగితే లారీ నిండుతుందని ఆమె లెక్క. ఆయన మెట్ల మీదున్న నా వైపు చూడకుండానే, "శుక్రారం బంద్ పిలుపున్నదే అవ్వా," అన్నాడు.

"బంద్ మనుషులకు రా. బర్రెకేం బంద్?"

ఆయన లారీ తాళాలు అందుకున్నాడు. బుధవారం, గురువారం వాళ్ళ ఊళ్ళో గడ్డి పోగుచేశారు. వరిగడ్డి చాలక జొన్న చొప్ప కూడా వేశారట. గురువారం పొద్దున ఆయన బట్టలు తీసుకెళ్ళడానికి ఇంటికొచ్చినప్పుడు నేను ధైర్యం చేసి కిందికి దిగాను. లారీ ముందు అద్దం పైన ఎర్ర రంగుతో జై తెలంగాణ అని రాసి ఉంటుంది. అటువైపు వెళ్ళేటప్పుడు దాని మీద ఏదైనా కాగితం అంటిస్తే మంచిదేమో అని నసిగాను.

"ఎందుకమ్మా? రాసింది రాసినట్టే ఉంటది. గడ్డి గడ్డే గదా," అన్నాడు. అన్నాళ్ళకు నాతో ఆయన మాట్లాడిన మొదటి మాట అది.

పిన్నికి కబురు చెప్పాను. "నెత్తిన పాలు పోశావే," అంది. శుక్రవారం మధ్యాహ్నానికి లారీ వస్తుంది, ఎవరు ఎంతకడిగినా తాడు విప్పొద్దన్నాను.

శుక్రవారం. కాలనీలో ఒక్క షాపూ తెరవలేదు. రోడ్డు మీద ఆటో చప్పుడు కూడా లేదు. ఆయన వాళ్ళ ఊరి నుంచి చీకటితోనే బయల్దేరాడని తెలుసు. నేను గదిలో గడియారం చూస్తూ తిరుగుతున్నాను. తొమ్మిదిన్నరకు కింద ఫోను మోగింది. కాసేపటికి ఇంటావిడ మెట్ల కిందికి వచ్చి, నా మొహం చూడ్డం ఇష్టం లేనట్టు గోడకేసి చెప్పింది.

"సూర్యాపేట కాడ లారీ బంద్ పెట్టిండట!"

చెప్పి లోపలికి పోయింది. ఎవరు, ఎందుకు, ఎంతసేపు అని అడగాల్సింది. ఆవిడతో మాటల్లేవు కదా, అడగలేదు. పెట్టిండు అందో, పెట్టిండ్రు అందో కూడా పట్టించుకోలేదు. బంద్ అన్న మాట ఒక్కటే విన్నాను. సూర్యాపేటలో జనం రోడ్డుకడ్డంగా కూర్చున్నట్టు, లారీని చుట్టుముట్టినట్టు కళ్ళకు కట్టింది.

పిన్నికి ఫోన్ చేశాను. "లారీ రాదు పిన్నీ. బంద్‌లో ఆపేశారు."

"సర్లే. నువ్వు మాత్రం ఏం చేస్తావ్," అంది పిన్ని. "వ్యాను మధ్యాహ్నం వస్తుందంట. తోలేస్తాలే. నువ్వు అన్నం తిను."

అన్నం తినమన్న ఆ మాటకు నాకు పిచ్చెక్కింది. విసవిసా కిందికి దిగాను. అవ్వ గుమ్మంలో ఆకు వక్క నములుతోంది, ఇంటావిడ బియ్యం ఏరుతోంది. ఇద్దరినీ కలిపి కడిగిపారేశాను. మీ బంద్‌కి మా పిన్ని గేదె బలైపోయిందన్నాను, మీకు మీ గొడవే తప్ప ఎవరి ఉసురూ పట్టదన్నాను, ఇంకా ఏవేవో అన్నాను. ఇప్పుడు రాయడానికి చెయ్యి రాదు.

ఇంటావిడ చేట పట్టుకుని నోరు తెరిచి చూస్తోంది. "ఏం బంద్?"

"మీరే కదా చెప్పింది! సూర్యాపేటలో బంద్ పెట్టారని!"

"ఓయమ్మా! ఇంజన్ బంద్ పెట్టిండు! నడిజాముల లేసి తోలుతున్నడు, జర ఛాయ్ తాగద్దా మనిషి?"

అవ్వ నవ్వాపుకోలేక ఆకు ఉమ్మేసింది. "మీ దిక్కు బంద్ అంటె గదొక్కటేనా బిడ్డా?"

రెండేళ్ళుగా ఆ ఇంట్లో ఉన్నాను. నల్లా బంద్ పెట్టు, ఫ్యాన్ బంద్ పెట్టు, ఆ టీవీ బంద్ పెట్టు అని ఆవిడ అరుపులు వినని రోజు లేదు. నల్లా విషయంలో అర్థమైన మాట లారీ విషయంలో అర్థం కాలేదు. లెక్కలు చెప్పే టీచర్ని నేను!

అక్కడే చతికిలబడి, పిన్నికి ఏం చెప్పానో చెప్పాను. అవ్వ నవ్వు ఆగిపోయింది. పిన్ని దగ్గరున్న ఫోనుకు ఎన్నిసార్లు చేసినా స్విచాఫ్. అక్కడ కరెంటు లేదు, ఛార్జింగ్ అయిపోయి ఉంటుంది. అప్పుడు ఇంటావిడ చేట పక్కన పడేసి భర్తకు ఫోన్ చేసింది. "ఛాయ్ సాలు గని లెవ్వు. బర్రెను తోలుతున్నరట. ఏడ ఆగకు," అంది. పెట్టేసి, నాకొక గ్లాసు మంచినీళ్ళిచ్చి, నా పక్కనే మెట్టు మీద కూర్చుంది. మధ్యాహ్నం అక్కడే ఆవిడ పెట్టిన అన్నం తిన్నాను. మా గొడవ గురించి ఇద్దరం ఒక్క మాటా అనుకోలేదు.

మూడింటికి ఫోన్ వచ్చింది. ఆవిడ స్పీకర్ ఆన్ చేసింది.

"గిదేం ఊరే!" ఇంటాయన గొంతు గట్టిగా వినబడింది. "కట్ట మీద ఒక్కటే తొవ్వ. ఎదురుంగ బేరగాని వ్యాను. వాడు ఎనుకకు పోడు, నేను పోతలేను. దాంట్ల బర్రెను ఎక్కిస్తున్నరు, నలుగురు నూకినా అది ఎక్కుతలేదు. నా లారీల గడ్డి వాసన జూసి తాడు తెంపుకున్నంత పని చేసింది, వచ్చి మోపు గుంజబట్టె. తాడు వట్టుకున్నామె బర్రెను ఏమనదు, ఎందుకింత ఆలిశమైందని నన్ను తిడతది, తిట్టుకుంట ఏడుస్తది. ఇగ ఆమెనే మీ చిన్నమ్మనట!"

నేనూ ఇంటావిడా ఒకరి చేతులొకరం పట్టుకుని నవ్వాం, ఏడ్చాం. అంత తేలికైన మనసు అంతకుముందు గానీ ఆ తర్వాత గానీ నాకు గుర్తులేదు. అవ్వ మాత్రం ఫోను దగ్గరికి వంగి, "ఒక్కసారే ఎక్కువ తిననీయకు, పొట్ట ఉబ్బుతది," అని కొడుకును హెచ్చరించింది.

లారీ ఊళ్ళోకి వెళ్ళగానే అద్దం మీది అక్షరాల్ని పిల్లలు కూడబలుక్కుని పైకి చదివారట. పెద్దమనుషులు ముఖాలు చూసుకున్నారట. చివరికి ఒక ముసలాయన, "చదువులు తర్వాత, ముందు మోపులు దించండి," అన్నాడట. తోకకో మోపు లెక్కన పంచుకున్నారు. శనివారం బేరగాడి వ్యాను రాలేదు.

మరో రెండు లారీలు వెళ్ళాయి. మూడోదాన్లో, నెల తర్వాత, అవ్వ పట్టుబట్టి తనూ ఎక్కింది. తోడుగా నేనూ ఎక్కాను. వెళ్ళేసరికి ఊరు తేరుకుంటోంది. మగవాళ్ళు కప్పుల మీద కూర్చుని తాటాకు పరుస్తున్నారు, ఆడవాళ్ళు కింద నుంచి ఆకు అందిస్తూ వాళ్ళను వెక్కిరిస్తున్నారు. చెరువులో ఉప్పునీళ్ళు ఇంజన్లు పెట్టి తోడేశారు. రెండు వానలు పడ్డాక చేలల్లో మేతకు పిల్లిపెసర చల్లారు, అది వేలెడంత పచ్చగా మొలిచింది. పడమటి వీధిలో కొన్ని కట్టుకొయ్యలు ఖాళీగా ఉన్నాయి. మా పిన్ని ఇంటి ముందు మాత్రం గేదె ఉంది, దాని పొట్ట కింద మూడు వారాల పెయ్యదూడ కుమ్ముతోంది.

అవ్వ మంచినీళ్ళైనా తాగకుండా నేరుగా గేదె దగ్గరికి పోయి కూర్చుంది. దాని వెన్ను నిమిరి, పొదుగు చూసి, దూడ నోట్లో వేలు పెట్టి, "మంచిగున్నది, మంచిగున్నది," అంటోంది. పిన్ని పొయ్యి మీద పాలు పెట్టి, నా మోచెయ్యి పట్టుకుని గోడ చాటుకు లాగింది. లారీ ఎవరిదో ఆమెకు తెలుసు, ఏ ఊరివాళ్ళో తెలుసు. అయినా గొంతు తగ్గించి అడిగింది.

"ఎవరే ఆవిడ? మనవాళ్ళేనా?"

ఆ మాటకు మా ఊళ్ళో ఒక్కటే అర్థం. అది కులాన్ని అడిగే మాట. పుట్టినప్పటి నుంచీ వింటున్నాను, నేనూ ఎందరి గురించో అడిగాను. గుమ్మంలోంచి బయటికి చూశాను. అవ్వ కొంగుతో దూడ మూతి తుడుస్తోంది.

"మనవాళ్ళే పిన్నీ," అన్నాను. అబద్ధం చెప్తున్నానని ఒక్క క్షణం కూడా అనిపించలేదు.

పిన్ని తల ఊపింది. చుట్టాలకు తప్ప తీయని ఇత్తడి గ్లాసు కడిగి, దాని నిండా పాలు పోసుకుని, అవ్వ దగ్గరికి తీసుకెళ్ళింది.