చేపల బండికి కొత్త ఎర్తు పట్టీలు

ఎనభైల్లో కంచరపాలెంలో నాకో ఆటో ఎలక్ట్రికల్ షాపు ఉండేది. సముద్రపు గాలి ఈ ఊళ్లో ఏ బండిని ఎక్కడ కొరుకుతుందో కళ్లు మూసుకుని చెప్పేవాణ్ణి. గొప్పలు కావు, అన్ని బండ్లు బాగుచేశాను మరి.

ఒక పొద్దున్న హార్బరు నుంచి చేపలు మోసే పికప్ వ్యానును నలుగురు తోసుకుంటూ తెచ్చారు. వెనకే యజమాని, ఆయన భార్య. ఆయనది వేట, ఆవిడది అమ్మకం. ఆ బండి కొనకముందు చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగిన మనిషి ఆవిడ. మెడ పట్టేసి, పక్కకి చూడాలంటే ఒళ్లంతా తిప్పేది.

బ్యాటరీ కొత్తది. సెల్ఫ్ మోటారు ఎవరో అప్పటికే విప్పి బిగించారు. అయినా తాళం తిప్పితే టక్కుమని ఊరుకుంటోంది. వాళ్లతో ఒక బేరగాడు కూడా వచ్చాడు. మధ్యాహ్నంలోగా బండి కదలకపోతే ఎంతకైనా సరే అతనికి అమ్మేస్తానని యజమాని మొండికేశాడు.

"అచ్చిరాని బండిది, వొగ్గీ బావా," అన్నాడు నాతో, ఇక వదిలెయ్యమన్నట్టు చెయ్యి ఊపుతూ.

నాకు ఒళ్లు మండింది. ఇనుముకి అచ్చిరావడమేమిటి, నా మొహం! నోరు మూసుకుని పక్కన నిలబడమన్నాను. ఆవిడ మాత్రం బానెట్ మీద చెయ్యేసి కదలకుండా నిలబడింది.

లావుపాటి వైరు తీసి ఒక కొస బ్యాటరీ నెగటివ్‌కి, రెండోది ఇంజనుకి ఆనించి తాళం తిప్పమన్నాను. ఇంజను ఠక్కున అందుకుంది. ఇంకేముంది, దొంగ దొరికాడు. బ్యాటరీ నుంచి కరెంటు వెళ్లే దారి బాగానే ఉంది, తిరిగొచ్చే దారే తెగింది. రాగి తీగలతో జడలా అల్లిన ఎర్తు పట్టీలే ఆ దారి.

లోపలికి తల దూర్చి చూద్దును కదా, పట్టీలు పచ్చటి చిలుము పట్టి ముట్టుకుంటే రాలిపోతున్నాయి. చేపల ఐసు నీళ్లకి ఇంత చేటు జరగదే అనుకుంటూ పైకి చూశాను. పట్టీ బోల్టుకే ఒక గుడ్డమూట కట్టి ఉంది. దిష్టికి కట్టిన ఉప్పూ పటికా! చెమ్మకి కరిగి బొట్లుబొట్లుగా పట్టీ మీదే కారుతోంది.

పాతవి పీకేసి, బోల్టు చోట ఇనుము తెల్లగా మెరిసేదాకా రుద్ది, కొత్త పట్టీలు బిగించి గ్రీజు రాశాను. ఈసారి తాళం తిప్పగానే బండి గుర్రుమంది. బేరగాడు మెల్లగా జారుకున్నాడు.

అప్పుడు మూట పైకెత్తి, ఆవిడ మీద కేకలేశాను. బండంటే అంత ప్రాణం కాబట్టి కట్టింది ఆవిడే అనుకున్నాను. ఆవిడ తెల్లబోయి చూసింది.

"నానే కట్టినాను," అన్నాడు ఆయన, తలొంచుకుని. "ఆగిపోయినప్పుడల్లా ఇంకో గుప్పెడు ఏసినాను."

"అమ్మేత్తానని ఊరంతా సాటినోడివి, మూటెందుకు కట్టినావు?" అందావిడ.

ఆయన బండికేసి తిరిగాడు.

"నువ్వు మళ్లీ గంప ఎత్తితే నాను సూడలేనే."