అంచు ముక్క

పోలీసు చర్య రోజుల్లో సికింద్రాబాద్ ఆసుపత్రి ల్యాబులో గడ్డలను పల్చగా కోసి స్లైడ్లు చేసే పెద్దాయన ఉండేవాడు. వాటిని మైక్రోస్కోపులో చూసి రిపోర్టు రాసే డాక్టర్ని నేను. స్లైడ్ ఇస్తూ ప్రతిసారీ నాతో, "జెర అంచు సుత చూడు సాబ్" అనేవాడు.

ఒకసారి మారేడ్‌పల్లి టీచరమ్మ మెడలోంచి తీసిన పారాథైరాయిడ్ గ్రంథి గడ్డ వచ్చింది. కేంద్రకాల సైజు, కణవిభజన, పీచుపట్టీలు: క్యాన్సర్ గుర్తుల నా జాబితా ప్రకారం మధ్య ముక్కలో అన్నీ చూశాను. కణాలు మామూలుగానే ఉన్నాయి.

"కోసుడు నీ పని, చూసుడు నాది" అని, అతనిచ్చిన అంచు ముక్క చూడకుండానే పక్కన పెట్టి, క్యాన్సర్ కాదని రాశాను.

కొన్ని నెలలకే గడ్డ మళ్లీ వచ్చింది. పెద్ద డాక్టరు పాత స్లైడ్లు తీయించారు. అంచు ముక్కలో కణాలు గడ్డ చుట్టూ ఉన్న పొర దాటి రక్తనాళంలోకి దూరి ఉన్నాయి. క్యాన్సరే.

"ఇది అప్పుడే ఎందుకు చూడలేదు?" అని నన్నడిగారు.

"నేనే ఇయ్యలే సాబ్, మర్చిపోయిన" అన్నాడు పెద్దాయన.

నేను అవునన్నట్టు తలూపాను.