వియ్యపురాలికి పచ్చిపులుసు

మొన్న శుక్రవారం మా కోడలు ఫ్రిజ్ తలుపుకు ఒక కాగితం అతికించి బడికి పోయింది. ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతుందిలెండి. శనివారం మధ్యాహ్నం పప్పుచారు, ఆలుగడ్డ వేపుడు. ఆదివారం మధ్యాహ్నం ముద్దపప్పు, పచ్చిపులుసు, చల్లమిరపకాయలు. ఎవరి కంచం వాళ్ళే కడుక్కోవాలి, అని రాసి ఉంది. జగిత్యాల నుంచి రెండు రోజులు ఉండి పోవడానికి వస్తున్నది ఎవరో కాదు, ఆమె కన్నతల్లి, నాకు వియ్యపురాలు. అద్దాలు పెట్టుకుని చదవగానే, వియ్యపురాలికి పచ్చిపులుసు పోస్తారా అని పైకే అనేశాను. అన్నాక నేనే నాలుక కరుచుకున్నాను. నలభై ఏళ్ళ కింద ఇదే సిరిసిల్లలో, ఇదే మాట మా అత్త నోట విన్నాను మరి.

ఆ రోజుల్లో మన ఇళ్ళకు చుట్టాలు ఎట్లా వచ్చేవాళ్ళో మీకు కొత్తగా చెప్పేదేముంది. రాజన్న దర్శనానికని వేములవాడ వచ్చిన ప్రతివాళ్ళకూ, పక్కనే సిరిసిల్లలో మా ఇల్లుందని గుర్తొచ్చేది. శనివారం దర్శనం, ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో భోజనం, సాయంత్రం బస్సు. ఎందరొస్తున్నారో చెప్పే ఫోన్లు లేవు కనుక, నేను గడపలో చెప్పుల జతలు చూసి బియ్యం కొలిచేదాన్ని. వారమంతా మరమగ్గాల కోసం నూలు కండెలు చుట్టి చుట్టి భుజాలు లాగుతుండేవి, ఆదివారం వస్తే కట్టెల పొయ్యి ముందు కళ్ళు మండేవి. ఊరంతా సెలవు కోసం ఎదురుచూస్తే నేను సోమవారం కోసం ఎదురుచూసేదాన్ని.

పెళ్ళైన నాలుగో ఏటికి నా ఒంట్లో శక్తి పూర్తిగా అయిపోయింది. పుట్టింటికి పోయి ఒక పదిహేను రోజులు కాళ్ళు చాపుకుని పడుకోవాలని ఉండేది. కానీ కోడలు తనంతట తాను పోతాననకూడదు కదా, తల్లి వచ్చి అత్తను అడిగి తీసుకుపోవాలి. కోరుట్లలో ఉన్న మా అమ్మకు, ఆమెను మేం అవ్వ అనే పిలిచేవాళ్ళం, నేనిట్లా అలిసిపోయానని తెలియదు. చదువురాని ఆమెకు ఉత్తరం రాస్తే ఎవరో చదివి వినిపించాలి, ఊరంతా తెలుస్తుంది. మనిషి వచ్చినప్పుడే చెప్పుకోవాలి.

ఒక ఆదివారం అవ్వ వస్తున్నట్టు కబురొచ్చింది. ఆ వారం మా ఆయన వైపు వాళ్ళెవరూ రావడం లేదని కూడా తెలిసింది. నా ఆశ చూడండి, వారం ముందునుంచే వంట ఆలోచించి పెట్టుకున్నాను. పొద్దున్నే పప్పు ఉడికించి మెదిపేస్తాను, చింతపండు నానేసి, పచ్చిమిరపకాయలు కాల్చి, ఉల్లిగడ్డ పిసికి పచ్చిపులుసు కలిపేస్తాను, నాలుగు చల్లమిరపకాయలు వేయిస్తాను. అంటే పది గంటలకు పొయ్యి ఆర్పి, పెరట్లో అవ్వ పక్కన గంటసేపు కూర్చోవచ్చు. ఆ గంటలో అంతా చెప్పేయాలి.

అనుకున్నట్టే అన్నీ చేసి మూతలు పెట్టాను. అవ్వ వచ్చి కాళ్ళు కడుక్కుంటుండగా మా అత్త వంటింట్లోకి వచ్చి గిన్నె మూత తీసి చూసింది.

“గిదేందే? వియ్యపురాలికి పచ్చిపులుసు పోస్తరా? నా మొగం ఏడ వెట్టుకోవాలె?”

మా అత్త చెడ్డది కాదండీ, నన్ను ఏనాడూ తిట్టలేదు. నా తల్లికి మర్యాద తక్కువ కాకూడదనే ఆ ఆరాటమంతా. వెంటనే మా ఆయనను కోడి కోసం తోలింది. కోడి కోశాక నలుగురే తింటే ఏం బాగుంటుందని చిన్నమామ ఇంటివాళ్ళను కూడా పిలిచింది. బగారన్నం, కోడికూర, పాయసం. నేను మసాలా నూరుతుంటే అవ్వ సాయం చేయబోయింది గానీ, వియ్యపురాలు పని చేయడమేమిటని ఆమెను ముందరింట్లో చాప మీద కూర్చోబెట్టారు. వంటింటి గుమ్మం నుంచి ఆమె చీర అంచు కనిపిస్తుండేది నాకు. పదకొండు మందికి వడ్డించి, నేను తినే సరికి ఆమె బస్సు వేళ అయింది.

బస్టాండు దాకా వెళ్ళాను, కానీ మర్యాద కోసం మా అత్త కూడా వచ్చింది. బస్సెక్కుతూ అవ్వ నా చెంప నిమిరి, “మంచిగున్నవా బిడ్డా?” అని అడిగింది. పక్కన అత్తను పెట్టుకుని ఏం చెప్పను?

“మంచిగున్ననే అవ్వా.”

ఆమె నమ్మింది. నా బిడ్డ ఇంట్లో నాకు కోడి కోసి పెట్టిన్రని కోరుట్లలో కనబడిన ప్రతివాళ్ళకూ చెప్పుకుందట, అదీ నాకు తరువాత తెలిసింది. ఆ సాయంత్రం మూత పెట్టిన పచ్చిపులుసు నేనొక్కదాన్నే తిన్నాను. ఏడుపొచ్చింది, అది కూడా మిరపకాయల ఘాటు మీదికి నెట్టేశాను.

ఇన్ని తెలిసీ, మొన్న శుక్రవారం నేను చేసిన పని ఏమిటంటే, కోడి తెమ్మని కొడుకు చేతికి సంచి ఇవ్వడం. అలవాటు ఎంత చెడ్డదో చూడండి. వాడు చెప్పులు వేసుకుంటుండగా, గుమ్మం అవతల అవ్వ చీర అంచు గుర్తొచ్చి, సంచి వెనక్కి తీసుకున్నాను.

ఆదివారం పచ్చిపులుసుతోనే భోజనాలయ్యాయి. తల్లీకూతుళ్ళను లోపలి గదిలోకి పొమ్మని, వద్దంటున్నా వినకుండా గిన్నెలన్నీ నేనే కడిగాను. రెండు గంటలు కూర్చున్నారు. మొదట నవ్వులు వినిపించాయి, తరువాత గొంతులు తగ్గిపోయాయి. నేను గిన్నెల చప్పుడు కాస్త పెంచాను.

పోయేముందు వియ్యపురాలు మొహమాటపడుతూ నా పక్కకొచ్చి నిలబడింది.

“వదినె, పిల్ల బాగ అలిసిపోయింది. దసరా సెలవులకు పదిరోజులు తోలియ్యరాదు?”

“పది ఏం సరిపోతయి వదినె? పదిహేను ఉంచుకో” అన్నాను.

అన్నానే గానీ, ఆ పదిహేను రోజులూ వంట నాదే, నడుం చూస్తే ఇప్పటికే పట్టేసింది. కాలం మారింది, పొయ్యి మారింది, రోలు పోయి మిక్సీ వచ్చింది. పచ్చిపులుసు పోస్తే పరువు పోయే రోజులూ పోయాయి. వియ్యపురాలు వెళ్ళాక మిగిలిన పులుసు అన్నంలో పోసుకుని కూర్చున్నాను. నాక్కూడా ఒక పదిహేను రోజులు కాళ్ళు చాపుకోవాలని ఉంది. అడిగి తీసుకుపోయేవాళ్ళు ఇప్పుడు కోరుట్లలో ఎవరూ లేరు.