చీర కట్టిన కంప్యూటరు

ఆ రోజుల్లో ఇంట్లో ఏ వస్తువు మూలిగినా మనిషికి చేసినట్టే దానికీ మందూ మాకూ దిష్టీ అన్నీ చేసేవాళ్లం. ఆళ్లగడ్డలో మా మేనమామ శిల్పాలు చెక్కే చోట ఉన్న పాత కంప్యూటరుకు జబ్బు చేసిందన్న వార్త నాకు మొదట తెచ్చింది మా అత్త, అంటే ఆయన భార్య. వాకిట్లో నలుగురు మిషన్లు పట్టుకుని నల్లరాయి కోస్తుంటే ఎదుటి మనిషి మాటే వినపడదు. అంత రొదలోనూ ఆమె వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, "మేయ్, నీ పెట్టె మూలుగుతాండాది, ఇనపడలేదా?" అంది. (పక్కింట్లో పాలు పొంగినా తెలిసిపోయే చెవులు ఆమెవి.)

నేను బడి ముఖం చూసినదాన్ని కాదు. నంద్యాలలో మా నాయనే ఇంట్లో కూర్చోబెట్టి చదువు చెప్పాడు. కంప్యూటరు కూడా ఆయన తెచ్చిపెట్టిన పాత పుస్తకాలు ముందు పెట్టుకుని నేర్చుకున్నదే. దేవుడి దయవల్ల ఆ కాస్త విద్యే నన్ను మామ దగ్గర పనిలో నిలబెట్టింది. చెక్కబోయే ముఖాన్ని ముందుగా తెరమీద తయారుచేసి, చెక్కించుకునేవాళ్లకు నాలుగు వైపులా తిప్పి చూపడం నా పని. అందుకోసమే మామ ఆ పెట్టెలో గ్రాఫిక్స్ కార్డు వేయించాడు. దానికి సొంతంగా ఒక చిన్న ఫ్యాను ఉంటుంది. బొమ్మ కదలకుండా ఉన్నంతసేపు అది బుద్ధిగా తిరిగేది. ముఖాన్ని పక్కకు తిప్పబోతే మాత్రం కార్డు వేడెక్కి, ఫ్యాను పిండి రుబ్బే గ్రైండరులాగా అరిచి, ఆఖరికి తెర నల్లబడిపోయేది.

సరిగ్గా అప్పుడే రుద్రవరం నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. భార్య పోయింది. సంవత్సరీకం నాటికి ఆమె శిల్పం తన పొలంలో, బావి దగ్గర నిలబెట్టాలని ఆయన కోరిక. ఉన్నది ఒక్క ఫోటో. ఎవరి పెళ్లిలోనో కెమెరాకు ఎదురుగా బెదిరిపోయి నిలబడింది పాపం. దాన్నిబట్టి నేను చేసిన ముఖాన్ని ఆయన చాలాసేపు చూసి, "ఈమె ఎవురో ఫోటో దిగనీకి వచ్చినామె మాదిరుండాదమ్మా," అన్నాడు.

"మీ ఇంటామే కదా పెద్దనాయనా," అన్నాను.

"పక్కనుంచి సూపీ. నేనెప్పుడూ పక్కనుంచే సూసినా. కలుపు తీస్తే పక్క సాలులో ఉంటాది, బండెక్కితే పక్కన కూసుంటాది. ఎదురుగా కూసోని మొగం సూసేంత తీరిక మాకు యాడుండె?"

నేను ముఖాన్ని మెల్లగా తిప్పాను. ఫ్యాను అరుపు అందుకుంది. చెవి కనిపించింది, ముక్కు కొస కనిపించబోయింది, తెర నల్లబడింది. ఆయన ఆ నల్లటి తెరవైపే చూస్తూ, "యాడికి పాయె?" అన్నాడు.

నేను వంగి పెట్టె బటను మళ్లీ నొక్కాను.

ఇది రాతిదుమ్ము చేసిన పనేనని మామ తేల్చాడు. అత్త ఆ మాట పట్టుకుంది. పెట్టెకు అప్పటికే తన పాత చీరతో, అంచుకు కుచ్చులు పెట్టి మరీ, ఒక ముసుగు కుట్టి ఉంచింది. బటనుకు, వైర్లకు మాత్రం కన్నాలు. ఇప్పుడు దానిమీద ఇంకో చీర వేసి, వెనక ఉన్న చిల్లులకు దోమతెర గుడ్డ అడ్డం కుట్టింది. పెట్టె ఇంకా గట్టిగా అరిచింది. అత్త దిష్టి తీసింది. నేను దీపం పెట్టి దండం పెట్టుకున్నాను. (దేవుడు ఆ రోజు నవ్వుకునే ఉంటాడు.) చివరికి ముసుగు విప్పి, పెట్టెను బస్సులో ఒళ్లో పెట్టుకుని నంద్యాల తీసుకుపోయాను.

నంద్యాలలో రిపేరు చేసే ఆయనను అందరూ భాయ్ అనేవాళ్లు. ఆయన కార్డు ఊడదీసి, ఫ్యాను రెక్కలు తుడిచి, కార్డు వేడి లాగడానికి పూసే పేస్టు ఎండి పెచ్చులు లేస్తే దాన్ని గీకి కొత్తది పూశాడు. అదే ముఖాన్ని ఎంత తిప్పినా చప్పుడు లేదు. సంబరంగా ఆళ్లగడ్డ తీసుకొచ్చాను. అత్త ఉతికి ఆరేసిన చీరలు మళ్లీ తొడిగింది. సాయంత్రానికి మళ్లీ అదే గోల. మళ్లీ నంద్యాల, అక్కడ మళ్లీ నిశ్శబ్దం. పుట్టింట్లో చలాకీగా తిరిగి అత్తగారింట్లో అడుగు పెట్టగానే నీరసపడే కోడలిలాగా తయారైంది. భాయ్ చెప్పిన మాట, "నా దగ్గర పాప మాదిరి ఉంటాది చెల్లెమ్మా, మీ ఇంట్లోనే ఏందో ఉండాది," అన్నది నేను అలాగే వచ్చి చెబితే అత్త ఆ పూట అన్నం తినలేదు.

ఈలోపల పెద్దాయన మళ్లీ వచ్చాడు. మళ్లీ తెర నల్లబడింది. సంవత్సరీకం దగ్గర పడుతోంది, మామ ఇక ఉలి ఆపలేని స్థితి. ఫోటో చూసి, పక్కభాగాలు తన ఊహతో చెక్కేశాడు. తీసుకుపోయే రోజు పెద్దాయన శిల్పానికి ఎదురుగా నిలబడలేదు. పక్కకు పోయి, నిలబడి చూశాడు. "బాగుందప్పా," అని మామకు దండం పెట్టి, ట్రాక్టరులోకి ఎక్కించుకుని పోయాడు.

ఆ తరువాత ఒకనాడు బంధువుల పెళ్లికని ఆళ్లగడ్డ వచ్చిన భాయ్ మా ఇంటికి వచ్చి, చీరలు కట్టుకుని గుర్రుమంటున్న పెట్టెను చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"అక్కా, పనిచేసేటప్పుడు ఈ చీరలు తీయరా?"

"తీస్తే ఎట్ల నాయనా? దుమ్ము పడేది అప్పుడే కదా."

"గాలి పోయే చిల్లులు కూడా కుట్టేసినారే. మనిషైతే ఈ పాటికి పోయింటాడు."

అత్త ముసుగు తీసి మడతపెట్టింది. ఫ్యాను కాసేపు ఎగరొప్పి, నెమ్మదించి, ఊరుకుంది. ఆమె ముఖం చూడలేక నేను భాయ్‌కి టీ పెట్టడానికి లోపలికి పోయాను. అప్పటి నుంచి పెట్టెను లోపలి గదిలో పెట్టి, తలుపు వేసుకుని పనిచేసేదాన్ని.

పెద్దాయనకు కబురు పెట్టాను. పెట్టకుండా ఉంటే బాగుండేదేమోనని ఇప్పటికీ ఒక్కోసారి అనిపిస్తుంది. వచ్చాడు, స్టూలు మీద కూర్చున్నాడు. ముఖాన్ని పక్కకు తిప్పాను. చప్పుడు లేదు. "ముక్కు రోంత దించమ్మా. గదవ అంత ముందుకుండదు. సెవి కాడ ఎంట్రుకలు ఇట్ల పడతాంటాయి," అంటూ చెబుతూ పోయాడు, నేను దిద్దుతూ పోయాను. ఒకచోట "ఇంగ తాకొద్దు," అన్నాడు.

వెనక నిలబడిన మామ, "ముందే సూసింటే..." అని, మాట ముగించకుండా బయటికి పోయాడు. రాయిలో చెక్కేసిన గదవను, అంటే గడ్డాన్ని, వెనక్కి జరపడం ఆయన వల్ల కూడా కాదు.

కాగితం మీద ప్రింటు తీసి ఇస్తానన్నాను.

"కాయితం వద్దులేమ్మా. ఇంగ రోంతసేపు ఆరిపోకుండా సూస్కో, సాలు."

ఆయన లేచేదాకా అది ఆరిపోలేదు. చాలాకాలం మొండికేసిన ఆ పాత పెట్టె ఆ మధ్యాహ్నం చూపిన దయకు నేను ఇప్పటికీ కృతజ్ఞురాలినే. పెట్టెను పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని, కుదుపు వచ్చినప్పుడల్లా "సామీ" అనుకుంటూ బస్సులో కూర్చున్న ఆ అమ్మాయి గుర్తొస్తే నవ్వొస్తుంది. ఎంత నమ్మకంగా తిరిగిందో పిచ్చిది. మీరెప్పుడైనా రుద్రవరం వైపు పోతూ, ఒక బావి దగ్గర నల్లరాతి ఇల్లాలిని చూస్తే, పక్కనుంచి కనిపించే ఆ ముఖం ఆమెది కాదు, మా ఊహది. పక్క సాలులో తలవంచుకుని కలుపు తీసిన ఆ అసలు మనిషిని ఒక్కసారి తలుచుకుని పొండి.