అమ్మ బుర్రకెక్కని ఇంగ్లీషు

నేను ఇరవై ఏళ్లుగా ఇంగ్లీషు టీచర్ని. అయినా మా అమ్మకు ఒక్క వాక్యం నేర్పలేక, "నీ బుర్రకెక్కదులే" అని ఎప్పుడో వదిలేశాను.

ఈ రోజు సాయంత్రం, అంగళ్లు ఊళ్లోని కాలేజీలో ఇంజనీరింగ్ చదివే మా అమ్మాయి ఫోన్లో కొరియన్ నేర్చుకుంటోంది. పక్కనే అమ్మ శనక్కాయలు ఒలుస్తోంది.

"వాళ్లూ మన మాదిరే అవ్వా. మాట వెనకాల మన కి, ని లాంటివే తగిలిస్తారు. 'అన్నం తింటా' అనే అంటారు. ఇంగ్లీషులో అయితే 'తింటా అన్నం' అనాల," అంది అమ్మాయి.

అమ్మ చేతిలో కాయ పక్కన పెట్టి నన్ను చూసింది. "తలకిందులుగా ఉండేది ఇంగ్లీషా? తప్పు నా బుర్రదంటివే ఇన్నేండ్లూ!"

అప్పటికప్పుడే అవ్వా మనవరాలూ కొరియన్ పాఠం మొదలుపెట్టారు. నేనూ వచ్చి కూర్చోనా అని అడిగాను.

"నీ బుర్రకెక్కదులేప్పా," అంది అమ్మ.

నా తరఫున మాట్లాడేవాళ్లు ఇక్కడ ఒక్కరైనా ఉన్నారా?