అడగని పంపు

ఇంట్లో ఆమెను దొంగపిల్ల అంటారు. ఇతరుల యంత్రాల్లోకి దొంగదారులు వెతకడం ఆమె ఉద్యోగం. తలుపు తాళాలు, కెమెరాలు, ఇంటర్నెట్‌కు తగిలించిన ఏ వస్తువైనా. దారి దొరికితే తయారుచేసినవాళ్లకు చెబుతుంది. వాళ్లు దాన్ని మూసేదాకా నోరు విప్పదు.

"దొంగతనానికి నెలనెలా జీతం ఇస్తారని తెలిస్తే మేమూ చదువుకునేవాళ్లం," అనేవాడు బాబాయి. తల్లి లేని ఆమెను ఆయనా, పిన్నీ పెంచారు.

ఆ వారం ఆమె బల్ల మీద ఆసుపత్రి పంపు ఉంది. నరంలోకి మందును కొద్దికొద్దిగా ఎక్కించే యంత్రం. తీగ లేకుండా గాలిలో ఏ ఆజ్ఞ వచ్చినా పుచ్చుకుంటుంది, ఎవరు పంపారని అడగదు. ఆపమంటే ఆగుతుంది. ఆగాక కూడా దాని పచ్చదీపం వెలుగుతూనే ఉంటుంది. అందుకే ఆమె దీపాన్ని నమ్మడం మానేసి, మందు సంచి కింద చుక్కలు పడుతున్నాయో లేదో చూస్తూ కూర్చునేది.

"పంపుకి ఏం పంపినా సరేనంటుందన్నమాట," అన్నాడు పక్క బల్ల అతను. "అచ్చం మా బావమరిదే."

పంపు తయారుచేసిన కంపెనీకి రాసింది. జవాబు లేదు.

"వాళ్లు బాగుచేసేలోపు బయట ఒక్క మాట పొక్కిందా, నీ ఉద్యోగం నేను కాపాడలేను," అన్నాడు ల్యాబ్ పెద్దాయన.

పరీక్ష నడుస్తుండగా పిన్ని ఫోను చేసింది. "మీ బాబాయి పడిపోయాడే. ఐసీయూలో పెట్టారు."

ల్యాప్‌టాప్ మూసి, సంచిలో వేసుకుని పరుగెత్తింది.

వార్డులో మధ్యాహ్నపు వెలుతురు. తెల్ల పరదాలు. బాబాయి తల పక్కన అదే పంపు.

"బీపీ పడిపోకుండా మందు ఎక్కిస్తున్నాం. ఇప్పుడే కుదుటపడ్డారు," అంది నర్సు. "చూసి వెళ్లిపోండి, మాట్లాడించకండి."

"వచ్చావా దొంగా," అన్నాడు బాబాయి కళ్లు తెరవకుండానే. "ఇక్కడేం దొరుకుతుందే నీకు?"

ఆయన చెయ్యి పట్టుకుంది. కాసేపటికి ఆ చెయ్యి చల్లబడింది. బీపీ చూపే తెర మీద అంకె దిగడం మొదలైంది. ఆగకుండా దిగుతోంది. గంట మోగింది. డాక్టరు వచ్చింది.

"మందు వెళ్తోందా సిస్టర్?"

"వెళ్తోంది డాక్టర్. పచ్చగానే ఉంది."

"అయితే చాలట్లేదు. డోసు రెట్టింపు చేసి మళ్లీ మొదలుపెట్టండి."

ఆమె దీపాన్ని చూడలేదు. చుక్కల్ని చూసింది. చుక్క లేదు.

నడుముకు ఆనుకున్న సంచి వెచ్చగా ఉంది.

పరీక్ష మధ్యలో ఆగకూడదని, మూత మూసినా నిద్రపోకుండా ల్యాప్‌టాప్‌ను తనే అమర్చుకుంది. ఎదురైన ప్రతి పంపుకూ ఆగమని చెప్పే పరీక్ష అది. ల్యాబ్ గోడల్లో రాగి వల ఉంటుంది, లోపలి ఆజ్ఞ బయటికి పోదు. ఇక్కడ గోడల్లో ఏ వలా లేదు.

ల్యాప్‌టాప్ బయటికి లాగి, తెర చీకటయ్యేదాకా మీట నొక్కిపట్టింది. నర్సు వేలు పంపు మీదికి పోతోంది. ఊరుకుంటే తప్పు యంత్రం మీదికి పోతుంది. రెట్టింపు మందు బాబాయి గుండె మీదికి.

"పెంచకండి!" గొంతు కీచుగా వచ్చింది. "మందు చాలక కాదు. అసలు వెళ్లట్లేదు. పంపు ఆగిపోయింది. నేనే ఆపాను."

"ఎవరమ్మా నువ్వు?" అంది డాక్టరు.

"ముందు చుక్కలు చూడండి."

నర్సు వంగి చూసింది. "లేవు డాక్టర్."

"పాత డోసుతోనే మొదలుపెట్టండి. పక్క మంచాలవి కూడా," అంది ఆమె డాక్టరుతో. "దీపం అబద్ధం చెబుతుంది."

నర్సు బాబాయి పంపును మళ్లీ మొదలుపెట్టి, మంచం నుంచి మంచానికి పరుగెత్తింది. అక్కడా రెండు పంపులు ఆగి ఉన్నాయి. బాబాయి తెర మీద అంకె దిగడం మానింది. చాలాసేపు అక్కడే నిలిచింది. తర్వాత ఎక్కసాగింది.

ఆమెను వరండాలోకి పంపేశారు. అక్కడి నుంచే పెద్దాయనకు ఫోను చేసి జరిగింది చెప్పింది.

"ఎవరెవరికి తెలుసు?" అన్నాడు.

"వార్డంతటికీ."

"రేపు రావద్దు," అన్నాడు ఆయన. "నేను కబురు చేస్తాను."

డాక్టరుతో మాట్లాడి పిన్ని బయటికి వచ్చింది. ఎదురుగా నిలబడింది.

"నీ వల్లేనటే?"

"నా వల్లే పిన్నీ."

పిన్ని సంచిని చూసింది. ముట్టుకోలేదు.

"దాన్ని ఇంట్లో పడేసి రా," అంది. "తొందరగా రా. నేనొక్కదాన్నే ఉండలేను."