పూసిన గుర్రపు గడ్డి

పోలీసు యాక్షన్ అయిన ఏడాది, చలికాలం. నార్సింగి బస్సులో నా పక్కన పుప్పాలగూడ రైతు ఒకాయన కూర్చున్నాడు. నా ఒళ్లోని కాగితాల కట్ట మీద సర్కారు ముద్ర చూసి నన్నేదో పెద్ద కచేరీ మనిషి అనుకున్నాడు. నేను బడిపంతుల్ని. అవి పిల్లల పరీక్ష కాగితాలు.

"సారూ, పట్నంల గుర్రాల పందేల మైదానం పాతదైందని ఎత్తేస్తరంట. నిజమేనా?"

ఆ మైదానానికి మేత పంపే మనిషట. బావి కింద జొన్న వేయాలో, గుర్రపు గడ్డి వేయాలో తేల్చుకోలేకపోతున్నాడు.

"గడ్డి ఒక్కపారి వేస్తే నాలుగేండ్లు కోస్తనే ఉంటం సారూ. పూత రాకముందే కోయాలె. పూసిందంటే కాడ ముదురుతది, పందెం గుర్రం మూతి గూడ పెట్టది."

నాకు తెలియదంటే సరిపోయేది. కానీ కచేరీ మనిషి అనిపించుకోవడం ఆ పూట బాగుంది.

"ఏం ఫికర్ లేదు. మైదానం ఎక్కడికీ పోదు. గడ్డే వెయ్యి" అన్నాను.

ఆయన నా మాట మరిచిపోకుండా తువ్వాల కొసకు ముడి వేసుకున్నాడు.

వేసవిలో మళ్లీ అదే బస్సు. పందేలు ఆగిపోయాయని, గుర్రాలను అమ్మేశారని అప్పటికే విన్నాను. పుప్పాలగూడ దగ్గర ఒక బావి పక్కన చేనంతా ఊదారంగు పూత.

"ఎంత సక్కగ పూసిందో సూడు" అని ముందు సీట్లో ఒకామె పక్కామెకు చూపింది.

నేను ఒళ్లోని కాగితాల కట్టను, ముద్ర కనబడకుండా, బోర్లించాను.